మూడో రీలు

మద్రాసు మెయిల్లో దిగిన పెట్టెలో
పదమూడు రీళ్ళుండాలి. ఉన్నాయి.
లెక్క సరిపోయింది కదాని
డబ్బాల మీద రాత ఎవరూ చూళ్ళేదు.
చూసినా నాకు అరవం రాదు.
మస్తాన్ సాయిబుకి ఏ అక్షరమూ రాదు,
కార్బను కడ్డీ ఇంకెంతసేపు మండుతుందో
వాసన పట్టి చెప్పేవాడు, అంతే.

బెజవాడ వన్ టౌను, కాలవ పక్క రేకుల హాలు.
నాకు పదకొండేళ్ళు.
తిరిగిన రీలు వెనక్కి చుట్టడం నా పని,
నెలకి మూడు రూపాయలు, ఎండాకాలం రోజుకో సోడా.

రెండో రీలు చివర
ఆవిడ ఉత్తరం చదువుతూ ఏడుస్తోంది.
ఒకటే మిషను. లైట్లేశాం.
మరమరాలు, పిల్లల ఏడుపులు, బీడీ పొగ.
మళ్ళీ చీకటి, ఆడవాళ్ళ వైపు పరదా లాగేశారు.

ఆవిడే. అదే చీర, అదే గది, గోడకి అదే పగిలిన అద్దం.
మొగుడు మాత్రం వేరేవాడు.
"వీడెవడ్రా రెండోవాడు!" బెంచీలోంచి కేక.
ఆవిడ నోరు విప్పింది.
అరవం.

ఈలలు. డబ్బులు వాపసన్నారు.
మేనేజరు వీరభద్రయ్య రొప్పుతూ మెట్లెక్కొచ్చి
"ఆపకు సాయిబూ, ఆపితే కుర్చీలు మిగలవు" అన్నాడు.

అప్పుడు ఆడవాళ్ళ నేల మీంచి
"ఉండండయ్యా, నేను చెప్తా."
గార్డు గారి భార్య తైయల్‌నాయకి,
మా పేట నోట్లో పడి తాయారమ్మ.
కందిపప్పు బేరంలో నేర్చుకున్న తెలుగు,
ఒత్తులు పలకవు, కోపం పలుకుతుంది.

"లోపలికి రావద్దంటోంది."
"ఎవర్ని?"
"మొగున్నే. ఉత్తరం చదివిందంట. అంతా తెలుసంట."
"మరి వాడేమంటాడు?"
"ఏమంటాడు, వాళ్ళమ్మని పిలుస్తాడు."
హాలు హాలంతా నవ్వింది.

తర్వాత ఎవరూ నవ్వలేదు.
తెర మీద ఒక గొంతు,
అడుగు వెనకాల చీకట్లో ఇంకో గొంతు:
"నీ అన్నం నేను తిన్నా.
నా వయసు నువ్వు తిన్నావు.
కణక్కు సరి. అంటే, లెక్క సరి."
తలుపు పడింది.
గడియ చప్పుడికి తాయారమ్మ ఏమీ చెప్పలేదు.

నాలుగో రీలు తెలుగే.
సన్నమీసం మొగుడు తిరిగొచ్చాడు.
ఆవిడ వాడి పాదాల దగ్గర కూచుని
తప్పు తనదైనట్టు
గ్రాంథికంలో మన్నించమంది.
"అరే, తలుపేసింది కదా?" అన్నాడు సాయిబు, నాతోనా మిషనుతోనా.

అసలు రీలు మూడో రోజుకొచ్చింది.
ఆడవాళ్ళు టికెట్టు కిటికీ దగ్గరే ఆగి అడిగారు,
"ఏ మూడోది?"
"తెలుగుదేనమ్మా, స్పష్టంగా ఉంటుంది."
సగం మంది వెనక్కి మళ్ళారు,
కొండపల్లి నించి బండి కట్టుకొచ్చినవాళ్ళు సైతం.
వీరభద్రయ్య తెలివైనవాడు.
అరవ రీలు దారిలో పోయిందని మద్రాసుకి తంతి కొట్టాడు.
తాయారమ్మకి ఆటకి అర్ధరూపాయి, ఒక చాప, తమలపాకులు.
ఏడు వారాలు.

ఒక మధ్యాహ్నం కేబినులో
రెండు రీళ్ళూ పక్కపక్కన వెలుగుకి పట్టి చూశాను.
తెలుగులో ఆవిడ జడలో మల్లెలు విచ్చి ఉన్నాయి.
అరవంలో వడిలిపోయాయి.
"ముందు తెలుగు తీసుంటారు, అదయ్యాక రాత్రి అరవం" అన్నాడు సాయిబు.
ఒకే రోజులో రెండుసార్లు
ఒకే ఉత్తరం చదివిన మనిషి.
రెండోసారి కళ్ళ కింద ఉన్నది రంగు కాదు.

మా అమ్మ ఆ బొమ్మ నాలుగుసార్లు చూసింది, నా పాసు మీద.
ఆరో వారంలో ఒక రాత్రి
నాన్న మా ఇంటి తలుపు చాలాసేపు కొట్టాడు.
నేను లేవబోయాను.
చాప మీంచి కదలకుండా, గోడ వైపు తిరిగే ఉండి
అమ్మ అంది,
"కణక్కు సరి."